తలుపు మీది నంబరు

ఆ రోజు పొద్దున మిషన్ల మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. దుకాణం తెరిచే వేళకు ముందే షెడ్డులోంచి కారు బయటికి తీయాలి. వీధి చివరిదాకా పోనిచ్చి, ఆస్పత్రి గోడ పక్కన తిప్పి, వెనక వీధిలోంచి ఇంటికి వచ్చేయాలి. తొలిసారి కాబట్టి ఎవరూ చూడకుండా పని కానిచ్చేయాలని ఆయన ఉద్దేశం. చూడ్డానికి ఆయనకంటూ ఎవరూ లేరన్నది వేరే సంగతి.

ఆయన బాగుచేసేది కుట్టుమిషన్లు. దర్జీలందరూ ఆయన్ను మిషన్ల మెకానిక్ అనే పిలిచేవారు. ఇప్పుడు పిలిచే దర్జీలే తగ్గిపోయారు. జనం కుట్టేసిన బట్టలు కొనుక్కుంటున్నారు, చిరిగితే పారేస్తున్నారు. పెళ్లి చేసుకుందామా వద్దా అని ఆయన తీరిగ్గా ఆలోచించుకునేలోపు ఆ వయసు కాస్తా దాటిపోయింది. వేరే ఊళ్లో అక్క ఉంది. ఆవిడ ఫోన్ చేసి “తిన్నావట్రా?” అంటుంది. ఈయన జవాబు చెప్పబోయేలోపు అక్కడ కుక్కర్ కూత వేస్తుంది. “మళ్లీ చేస్తాలే” అని పెట్టేస్తుంది. ఆ మళ్లీ ఎప్పుడొస్తుందో ఆవిడకే తెలియదు. తిన్నానక్కా అన్న మాట ఈయన గొంతులోనే ఉండిపోతుంది.

కారు కథ అలాంటి ఒక ఆదివారం మొదలైంది. పాత ఇనుము దుకాణంలో మిషన్ చక్రం కోసం వెతుకుతుంటే తుప్పుపట్టిన కారు డొల్ల ఒకటి కనిపించింది. చక్రాల్లేవు, ఇంజిన్ లేదు, ముందు తలుపులు లేవు. గాలి ఆడ్డానికి చిల్లులు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. ఆయన సరదాకి లోపలికి దూరి కూర్చున్నాడు. పక్కన ఇంకో మనిషి పట్టే జాగా ఉంది. ఇంట్లో అయితే వచ్చినవాళ్లు గుమ్మంలోనే నిలబడి పని చెప్పేసి పోతారు. కార్లో పక్కన కూర్చున్నవాడు ఎక్కడికి పోతాడు, దిగేదాకా ఏదో ఒకటి మాట్లాడి తీరాలి కదా అనుకున్నాడు. అంతే, బేరం కూడా సరిగ్గా ఆడకుండా కొనేశాడు.

ఆయన చేతిలో ఎప్పుడూ డబ్బులు బొటాబొటీయే. అందుకని కారు తయారవడానికి ఏళ్లు పట్టింది. ఇంజిన్ ఒక బేకరీ వ్యాన్‌ది. వెనక తలుపుల్లో ఒకటి ఆకుపచ్చది, ఒకటి తెల్లది. వైపర్‌కు సరైన మోటారు కొనలేక కుట్టుమిషన్ మోటారు బిగించాడు. దాంతో ఆ వైపరు వాన తుడుస్తున్నట్టుండదు, అద్దానికి అంచు కుడుతున్నట్టుంటుంది. దర్జీలు ఇచ్చిన గుడ్డ ముక్కలన్నీ కలిపి సీట్లకు తొడుగులు కుట్టాడు. వాటిలో మఖ్మల్ ముక్క ఒక్కటే దొరికింది. దాన్ని పక్క సీటుకు వేశాడు. మంచి స్పాంజి కూడా దానికే పెట్టాడు. తాను కూర్చునే సీటుకొచ్చేసరికి స్పాంజి మిగల్లేదు. పాత దుప్పటి నాలుగు మడతలు వేసి సరిపెట్టుకున్నాడు.

ముందు భాగమే దొరక్క చాలాకాలం కూర్చోబెట్టింది. చివరికి పాత ఇనుము దుకాణంవాడు ఒక డ్రైవింగ్ స్కూలు కారు ముందు తలుపులు, కింది పెడళ్లు అన్నీ కలిపి ఒకే ముద్దగా అంటగట్టాడు. “విడివిడిగా అయితే కుదరదన్నా, తీసుకుంటే మొత్తం తీసుకో” అన్నాడు. మొత్తంలో భాగంగా పక్క సీటు కింద కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు వచ్చాయి. నేర్పే మాస్టారు నొక్కడానికి ఉండేవన్నమాట. వాటిని అసలు బ్రేకుతో కలిపే కడ్డీ మాత్రం రాలేదు. ఉంటే ఉన్నాయిలే, పక్కన కూర్చున్నవాళ్లకు కాళ్లు ఆన్చుకోవడానికి పనికొస్తాయి అని అలాగే వదిలేశాడు. తలుపుల మీద ‘ఇచ్చట డ్రైవింగ్ నేర్పబడును, స్త్రీలకు ప్రత్యేక శ్రద్ధ’ అని పెద్ద అక్షరాలు, కింద ఒక ఫోన్ నంబరు ఉన్నాయి. రంగు కొనడానికి చేయి ఆడలేదు కాబట్టి అవీ అలాగే ఉండిపోయాయి.

ఇన్ని ఏర్పాట్లలో ఒక చిన్న లోటు ఉంది. ఆయనకు కారు నడపడం రాదు. ప్రతి మరా స్వయంగా బిగించినవాడికి నడపడం ఒక లెక్కా అనుకున్నాడు.

ఇంజిన్ బుద్ధిగానే మొదలైంది. ఆయన జీవితమంతా కుట్టుమిషన్ పలక మీద రెండు పాదాలూ ఆన్చి తొక్కిన మనిషి. ఆ అలవాటు కొద్దీ యాక్సిలరేటర్ మీద కూడా రెండు పాదాలూ పెట్టి, ముందుకీ వెనక్కీ లయగా ఊపడం మొదలుపెట్టాడు. కారు కూడా లయగా తలూపుకుంటూ షెడ్డులోంచి బయటపడింది, వీధి దిగింది, ఆస్పత్రి గేటు ముందుకు చేరి చటుక్కున చచ్చిపోయింది. ఆయన దిగి, చెమట తుడుచుకుని, వైర్లు చూద్దామని అటువైపు వెళ్లి పక్క తలుపు తీశాడు.

“మాస్టారూ! ఖాళీయేనా?”

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఎవరో మాస్టారిని పిలుస్తున్నారనుకున్నాడు. ఒక నర్సు, రాత్రి డ్యూటీ దిగి సంచీ భుజానికి తగిలించుకుని ఆయన వంకే చూస్తోంది.

“స్త్రీలకు ప్రత్యేక శ్రద్ధ అని ఉందిగా. ఇంతకుముందు ఒకచోట చేరానండీ. ఆయనకి శ్రద్ధ సంగతి అలా ఉంచండి, ఓపికే లేదు. మొదటిరోజే ‘నీవల్ల కాదమ్మా’ అనేశాడు.”

“అది కాదమ్మా, ఈ తలుపు నాది కాదు...”

“స్కూలువాళ్లదా? అయితే ఏంటండీ, నేర్పేది మీరేగా!” అంటూ ఆమె డ్రైవర్ సీట్లో కూర్చుని తలుపు వేసేసుకుంది. “డ్యూటీ దిగాక ఇంటికెళ్తే వెంటనే నిద్ర పట్టి చావదు నాకు. ఈ గంట ఏం చేయాలో తోచదు. అదేంటి, మీరెక్కరేం?”

నేను మెకానిక్కునమ్మా, నాకు నడపడం రాదు అని చెప్పాలి. చిన్న మాటే. ఆయన నోరు తెరిచాడు కూడా. కానీ కార్లో ఒక మనిషి కూర్చుని ఉంది, ఎక్కమని పిలుస్తోంది. ఇన్నేళ్లలో ఆ కారు చూసి ఎవరైనా అన్న మాటలన్నీ “ఇదేంటిది?” తోనే మొదలయ్యాయి. ఆయన నోరు మూసుకుని మఖ్మల్ సీట్లో కూర్చున్నాడు.

“ముందేం చేయాలండీ?” అందామె స్టీరింగ్ పట్టుకుని.

“ముందు... వినండమ్మా” అన్నాడు ఆయన. ఆయనకు చేతనైంది అదొక్కటే. ఇంజిన్ స్టార్ట్ చేయించి, కళ్లు మూసుకోమని, ఆ శబ్దంలో ఏది ఏమిటో విడదీసి చెప్పాడు. క్లచ్చు నొక్కితే లోపల ఏం జరుగుతుందో రెండు అరచేతులూ కలిపి, విడదీసి చూపించాడు. ఆమె నోరు తెరుచుకుని విన్నది. “మా డాక్టర్లు కూడా ఇంత విడమరిచి చెప్పరండీ” అన్నది. తర్వాత ఆమె మాట్లాడింది. వార్డులో ఒక ముసలాయన మందులు దిండు కింద దాచడం గురించి, పగటి డ్యూటీ చేసే తన మొగుడు తనకు మెట్ల మీద ఎదురుపడి “బాగున్నావా” అని పోవడం గురించి చెప్పింది. ఆయన విన్నాడు. ఇంజిన్ విన్నంత శ్రద్ధగా విన్నాడు. కారు అంగుళం కదల్లేదు. దిగుతూ ఆమె “రేపు ఇదే టైముకా మాస్టారూ?” అంది.

ఇంటికెళ్లి అన్నం తింటుంటే, ఇవాళ తన కడుపూ చెవులూ రెండూ నిండాయనిపించింది ఆయనకు. భోజనం కాగానే మాత్రం భయం పట్టుకుంది. ఇది తప్పు. రేపు ఆ పిల్ల ఎక్కడైనా గుద్దితే? థిన్నర్ డబ్బా, పాత గుడ్డ పట్టుకుని షెడ్డులోకి వెళ్లి తలుపు ముందు నిలబడ్డాడు. గుడ్డ తడిపాడు. అక్షరాల దాకా తీసుకెళ్లాడు. ‘ఇది చెరిపేస్తే రేపు ఆవిడ కారు గుర్తుపట్టొద్దూ?’ అని తనకు తానే నచ్చజెప్పుకుని గుడ్డ పిండేశాడు. నాలుగు రంగుల కారు ఆ చుట్టుపక్కల అదొక్కటే ఉందన్న సంగతి ఆ నిమిషంలో ఆయనకు ఎందుకో తట్టలేదు.

నర్సమ్మ ఊరుకునే మనిషి కాదు. ఆస్పత్రిలో అందరికీ చెప్పింది. “మిగతావాళ్లలా మొదటిరోజే రోడ్డు మీద వదిలేయడు తల్లీ, ముందు కారు మనసు తెలుసుకోమంటాడు” అంది. దాంతో లిఫ్టు ఆపరేటర్ వచ్చాడు. ఆయనకు పైకీ కిందికీ తప్ప పక్కలకు వెళ్లడం అలవాటు లేదు, స్టీరింగ్ ముట్టుకోవాలంటేనే జంకేవాడు. క్యాంటీన్ పెద్దమ్మ వచ్చింది. “నడపడం వస్తే వచ్చింది, లేకపోతే లేదు, కాసేపు కూర్చుంటా నాయనా, కాళ్లు పీకుతున్నాయి” అంది. ఫీజు సంగతి ఎత్తితే మెకానిక్ “చూద్దాం లెండి” అనేవాడు. పెట్రోలు వాళ్లే పోయించేవారు. మిషన్ల దుకాణం ఆలస్యంగా తెరుచుకోవడం మొదలైంది, ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

ఎన్నాళ్లని ఇంజిన్ వినిపిస్తాడు? కదలక తప్పింది కాదు. ఆయన తనకు తెలిసిన పద్ధతే నేర్పాడు. “రెండు కాళ్లూ పెట్టండి. ముందుకి, వెనక్కి. ముందుకి, వెనక్కి. అదీ, దారం తెగకూడదు.” దారం ఎక్కడిదని ఎవరూ అడగలేదు, మాస్టార్లు అన్నాక ఏవో అంటుంటారు. ఆ విధంగా ఆస్పత్రి సిబ్బందిలో సగం మంది కారును తలూపించుకుంటూ, మొదటి గేరు దాటకుండా, నడిచేవాళ్లు దాటిపోయే వేగంతో ఊరిమీద పడ్డారు. ఆయనకు ఆ నెమ్మది నచ్చింది. తొందరగా నేర్చుకుంటే తొందరగా మానేస్తారు కదా. “అప్పుడే రెండో గేరెందుకమ్మా, ఇంకా బోలెడు టైముంది” అనేవాడు.

చౌరస్తాలో మాత్రం ఎవరికీ టైము లేదు. ఆకుపచ్చ దీపం పడుతుంది, ఈ కారు తలూపుతుంది, ఎర్ర దీపం పడుతుంది. వెనక బస్సులు, వాటి వెనక స్కూటర్లు. ఒకసారి హారన్ మోగడం మొదలై ఆగలేదు. ఇంకోసారి మండుటెండలో వైపర్ అద్దానికి అంచు కుట్టడం మొదలుపెట్టింది, లిఫ్టు ఆపరేటర్ భయపడి నడిరోడ్డు మీద దిగిపోయాడు. జనం అరిచారు. అరిచి విసుగొచ్చినవాళ్లు కారు తలుపు మీద నంబరు చూసి ఫోన్లు చేసి మరీ తిట్టారు. అక్కడ కాపలా ఉండే ట్రాఫిక్ కానిస్టేబుల్ అయితే రోజూ డ్యూటీలో భాగంగా చేసేవాడు.

ఆ ఫోన్లన్నీ ఎక్కడ మోగుతున్నాయో మన మెకానిక్ ఒక్కసారైనా ఆలోచించాడా అంటే, లేదు. తాళం పక్కన ఉన్న పాత గీతలా ఆ నంబరు ఆయన కళ్లకు ఆనడం మానేసి చాలా రోజులైంది.

ఒక పొద్దున నర్సమ్మ సెలవు పెట్టింది. ఆ గంటకు కొత్త మనిషి వచ్చాడు. పెద్దవయసు, ఇస్త్రీ మడత చెడని చొక్కా, నెత్తిన టోపీ. కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు తలుపు దగ్గర కాసేపు ఆగాడు.

“నాకు డ్రైవింగ్ బొత్తిగా రాదండీ. నేర్పుతారా?” అన్నాడు.

చదివేవాళ్ల దగ్గర దాపరికం ఎందుకు? ఆయనే అసలు మాస్టారు. ఆ తలుపు ఆయనది, ఆ నంబరు ఆయనది. తన పేరు మీద ఊరేగుతున్న దొంగను చేతికి చిక్కించుకుందామని వచ్చాడు. నడపడం వచ్చినవాడు రాదంటున్నాడు, రానివాడు నేర్పుతానంటున్నాడు. ఇద్దరూ మర్యాదగా నమస్కారాలు పెట్టుకుని కారెక్కారు.

“ఇందులో బ్రేకు ఏదండీ?” అన్నాడు మాస్టారు, నలభై వేల సార్లయినా తొక్కిన ఆ పెడల్ వంక అమాయకంగా చూస్తూ.

“మధ్యది. దాంతో మనకు పెద్దగా పనుండదు. ఇదిగో, ఈ చివరిదాని మీద రెండు కాళ్లూ పెట్టండి.”

“రెండూనా?”

“రెండూ. ముందుకి, వెనక్కి.”

మాస్టారు ముఖం కందగడ్డలా అయింది. అయినా పళ్లు బిగబట్టి రెండు కాళ్లూ పెట్టాడు. కారు తలూపుతూ కదిలింది. వీధి మలుపు వచ్చింది. ఇక ఉండబట్టలేకపోయాడు. “మా బావమరిది అంటుంటాడండీ, తిప్పే ముందు అద్దం చూసుకోవాలట” అన్నాడు.

“నేనూ అదే చెప్పబోతున్నా” అన్నాడు మెకానిక్.

“గేరు మార్చేటప్పుడు క్లచ్చు పూర్తిగా నొక్కాలని కూడా అంటాడు.”

“నొక్కమనేగా నేనూ అనేది!”

“యాక్సిలరేటర్‌కు కుడికాలు ఒక్కటే వాడాలని కూడా.”

మెకానిక్ ఆయన వైపు తిరిగాడు. “మీ బావమరిది ఏం చేస్తుంటాడండీ?” అని అడిగాడు, నిజంగా తెలుసుకోవాలనే.

మాస్టారికి ఇక ఓపిక చచ్చింది. వీడికి అసలు ఏమైనా వచ్చా రాదా తేల్చేద్దామనుకున్నాడు. ముందు రోడ్డు తవ్వి పక్కన పెద్ద ఇసక కుప్ప పోశారు. నేర్చుకునేవాడు దేనిమీదికైనా పోతుంటే నేర్పేవాడి కాలు దానంతటదే పక్క బ్రేకు మీదికి వెళ్తుంది. జీవితమంతా ఆయన కాలు అలాగే వెళ్లింది. మాస్టారు స్టీరింగ్ తిన్నగా ఇసక వైపు తిప్పి, తన కాళ్లు వెనక్కి తీసుకుని, పక్కవాడి కాలు కోసం ఎదురుచూశాడు.

పక్కవాడు రెండు కాళ్లూ సీటు మీదికి ముడుచుకుని, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

“బ్రేకు వెయ్యి!” అన్నాడు మాస్టారు.

“మీరు వెయ్యండి, నాది ఉత్తుత్తిది!” అన్నాడు మెకానిక్.

ఆ మాట మాస్టారికి అర్థమయ్యేసరికి కారు ముందు చక్రాలు ఇసకలో దిగిపోయాయి. కుప్ప పైన కూర్చున్న కుక్క లేచి ఒళ్లు దులుపుకుని ఇంకో చోటికి వెళ్లింది. వైపర్ దానంతటదే మొదలై అద్దం మీది ఇసకను అటూ ఇటూ సర్దింది.

ట్రాఫిక్ కానిస్టేబుల్ పరుగున వచ్చాడు. ఆయన ముఖంలో ఒకరకమైన ఆనందం కూడా కనిపించింది, ఇన్నాళ్లకు దొరికారని. “ఇందులో మాస్టారెవరు?” అన్నాడు.

“నేను కాదు” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

“లైసెన్సులు తీయండి.”

మెకానిక్ జేబులు తడుముకున్నాడు. మాస్టారు జేబులోంచి అట్ట ముక్క తీసి ఇచ్చాడు. కానిస్టేబుల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “నేర్చుకునేవాడికేమో లారీ, బస్సు అన్నీ నడిపే లైసెన్సు. నేర్పేవాడికి సైకిలు తొక్కే ధైర్యం కూడా ఉన్నట్టు లేదు. ఏంటయ్యా ఈ భాగోతం? మీతో కాదు, మీ ఓనర్‌తో మాట్లాడతా” అని ఫోన్ తీసి, తలుపు మీద చూడకుండానే నంబరు నొక్కాడు. ఆయనకు నోటికి వచ్చేసింది.

మాస్టారి చొక్కా జేబులో ఫోన్ మోగింది.

ఎత్తకుండా ఉండాల్సింది. కానీ ఏళ్ల తరబడి అలవాటు, చేయి దానంతటదే వెళ్లింది. “నమస్కారమండీ, డ్రైవింగ్ స్కూల్” అన్నాడు.

“ఏమయ్యా, మీ కారు ఇసకలో ఉంది!” అని అరిచాడు కానిస్టేబుల్, చేయి చాస్తే తగిలే దూరంలో నిలబడి.

“చాలా పొరపాటైందండీ. ఇప్పుడే కనుక్కుంటాను” అన్నాడు మాస్టారు అటు తిరిగి, వినయంగా.

కానిస్టేబుల్‌కు ఆ మాటలు ఒక చెవిలో ఫోన్లోంచి, ఇంకో చెవిలో గాల్లోంచి వచ్చాయి. మెల్లగా ఫోన్ దించాడు. “రోజూ నాకు సారీ చెప్పేది నువ్వేనా పెద్దాయనా?”

“మీరా సార్! గొంతు పోల్చుకోలేకపోయాను. ఫోన్లో ఇంకా గంభీరంగా ఉంటారు” అన్నాడు మాస్టారు. పాత స్నేహితుడు ఎదురుపడ్డట్టుంది ఆయన ముఖం.

కానిస్టేబుల్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఏ సెక్షను కింద ఎవరి మీద ఏం రాయాలో ఆయనకు తోచలేదు. “నేను చౌరస్తా దాకా వెళ్లొచ్చేలోపు ఈ కారు ఇక్కడ కనపడకూడదు. నడపడం రాని ఆయన మళ్లీ స్టీరింగ్ ముట్టుకున్నాడో, ఇద్దర్నీ లోపలేస్తా” అని విసవిసా వెళ్లిపోయాడు.

ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని చేతులతో ఇసక తోడడం మొదలుపెట్టారు.

“ఏం పని చేస్తావయ్యా నువ్వు?” అన్నాడు చివరికి మాస్టారు.

“కుట్టుమిషన్లు బాగుచేస్తానండీ.”

“మరి ఈ వేషం ఎందుకు వేశావు? నా పేరు చెడగొట్టడానికా?”

“ఆవిడ వచ్చి ఎక్కి కూర్చుందండీ. దిగమ్మా అనడానికి నోరు రాలేదు.” మెకానిక్ ఇసక తోడడం ఆపాడు. “మా ఇంట్లో మాట్లాడే మనిషి లేదు మాస్టారూ. పొద్దున ఆ గంట ఒక్కటే. మిగతా రోజంతా నేను మిషన్లతో సణుక్కుంటూ ఉంటా. తప్పే. నాకు తెలుసు. ఎవరికైనా దెబ్బ తగిలితే నేనేం కావాలి? తెలిసీ చేశాను.”

ఆయన లేచి డిక్కీలోంచి థిన్నర్ డబ్బా, గుడ్డ తెచ్చాడు. గుడ్డ తడిపి తలుపు దగ్గర మోకరిల్లాడు. ఈసారి చేయి ఆగలేదు. ‘స్త్రీలకు ప్రత్యేక శ్రద్ధ’లో శ్రద్ధ అంతా చెరిగిపోయింది. రేపు పొద్దున షెడ్డు తెరవక్కర్లేదు అనుకున్నాడు. ఎల్లుండీ తెరవక్కర్లేదు. కళ్లు మండాయి. థిన్నర్ వాసనకే అని సరిపెట్టుకుంటూ గుడ్డను కిందికి, నంబరు మీదికి తెచ్చాడు.

మాస్టారు వచ్చి ఆయన చేయి పట్టుకున్నాడు.

“అది ఉంచు” అన్నాడు.

“అందరూ తిడుతున్నారు కదండీ మిమ్మల్ని.”

“తిడుతున్నారు” అన్నాడు మాస్టారు. ఇసకలోనే కూర్చున్నాడు, ఇస్త్రీ చొక్కా సంగతి పట్టించుకోకుండా. “స్కూలు మూసేసి కారు తూకానికి ఇచ్చేశాక నా ఫోన్ మోగలేదయ్యా. ఒక్కసారీ మోగలేదు. పాడైందేమోనని షాపుకు తీసుకెళ్తే బాగానే ఉంది తాతా అన్నాడు. అలాంటిది ఒకరోజు పొద్దున్నే మోగింది. ఎవరో నానా తిట్లూ తిట్టాడు. నాకేం అర్థం కాలేదు. సారీ చెప్పాను. తర్వాత ఇంకోడు, ఆ తర్వాత ఈ కానిస్టేబుల్. ఇప్పుడు పొద్దున్నే స్నానం చేసి, చొక్కా వేసుకుని, ఫోన్ పక్కన కూర్చుంటున్నాను. నిన్ను పట్టుకోవడానికి ఎప్పుడో రావాల్సింది. వస్తే ఆగిపోతుందని వాయిదా వేసుకుంటూ వచ్చాను.”

మెకానిక్ గుడ్డ పక్కన పెట్టాడు. ఇద్దరూ కలిసి కారును ఇసకలోంచి వెనక్కి తోశారు. మాస్టారు నడిపి షెడ్డుకు చేర్చాడు. దారంతా ఆయన ఆగకుండా చీవాట్లు పెడుతూనే ఉన్నాడు, మెకానిక్ ఆగకుండా వింటూనే ఉన్నాడు.

మర్నాటి నుంచి మాస్టారు మఖ్మల్ సీట్లోకి మారాడు. మెకానిక్ ఒక ఇనుప కడ్డీ వెతికి పక్క బ్రేకును అసలు బ్రేకుతో కలిపి, తాను వెనక సీట్లోకి జరిగాడు. నర్సమ్మకు జరిగింది చెప్తే పకపకా నవ్వి, “నాకు ముందే అనుమానం మాస్టారూ, కారు నేర్పేవాళ్లు ఎవరైనా దారం గురించి మాట్లాడతారా?” అంది. ఇన్నాళ్లూ ఎందుకు వచ్చావని మాస్టారు అడిగితే, “ఆ వెనక సీటాయన నా మాట పూర్తిగా వినేవాడండీ” అంది. అసలు మాస్టారి చేతిలో పడ్డాక అందరూ ఒంటికాలితో తొక్కడం నేర్చారు. నర్సమ్మ లైసెన్సు తెచ్చుకుంది. లిఫ్టు ఆపరేటర్ పక్కలకు తిప్పడం కూడా నేర్చుకున్నాడు. క్యాంటీన్ పెద్దమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాక రావడం మానేసింది. ఒక్కొక్కరే సంతోషంగా సెలవు తీసుకుని వెళ్లిపోయారు.

“ఈ పనిలో ఇంతేనయ్యా” అన్నాడు మాస్టారు. “బాగా నేర్పామా, మళ్లీ మొహం చూపించరు.”

చివరికి మెకానిక్ కూడా నేర్చుకున్నాడు. లైసెన్సు చేతికి వచ్చిన మర్నాడు మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని పొద్దున్నే బయల్దేరాడు. ఎన్నేళ్లుగానో అనుకున్నది అదే. కారు తలూపలేదు. గేర్లు వెన్నలా పడ్డాయి. అద్దం చూసుకున్నాడు, చేయి చూపించాడు, ఒక్కరికీ అడ్డు రాకుండా వీధులన్నీ తిరిగాడు. కానిస్టేబుల్ వాళ్లను చూసి అలవాటుగా ఫోన్ తీయబోయి, చేయాల్సిన అవసరం కనిపించక మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

మాస్టారు ఏమీ మాట్లాడలేదు. తిట్టడానికి తప్పు దొరికితే కదా. ఆయన జేబులోంచి ఫోన్ తీసి చూశాడు. సిగ్నల్ ఉందో లేదో కిటికీలోంచి చేయి బయటికి పెట్టి మరీ చూశాడు. మళ్లీ జేబులో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. వారం రోజులుగా ఆయన ఫోన్ మోగలేదని మెకానిక్‌కు అప్పుడు తట్టింది. పక్కన మనిషి ఉండి కూడా కారు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆయన ఏనాడూ అనుకోలేదు.

ముందు చౌరస్తా వచ్చింది. ఆకుపచ్చ దీపం పడింది. మెకానిక్ అద్దంలో చూశాడు. వెనక ఒక బస్సు, ఒక లారీ, లెక్కలేనన్ని స్కూటర్లు ఉన్నాయి. ఆయన పద్ధతి ప్రకారం చేయి బయట పెట్టి సైగ చేసి, క్లచ్చు మీంచి కాలు ఒక్కసారిగా తీసేశాడు. కారు ఎగిరి, దగ్గి, చౌరస్తా నడిమధ్యన చచ్చిపోయింది. హారన్లు మిన్నంటాయి.

“ఏం చేశావయ్యా!” అన్నాడు మాస్టారు.

మెకానిక్ స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని తిన్నగా ముందుకు చూశాడు. బస్సులోంచి ఎవరో వంగి తలుపు మీది నంబరు చదవడం అద్దంలో కనిపించింది. కాసేపటికి మాస్టారి జేబు మోగింది. ఆయన మెకానిక్ వంక ఒకసారి చూశాడు. గొంతు సవరించుకుని, చొక్కా కాలరు సర్దుకుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. అటునుంచి వచ్చిన మొదటి తిట్టు మెకానిక్‌కు కూడా వినిపించింది.

“తొందరేం లేదండీ, మొదట్నుంచీ చెప్పండి” అన్నాడు మాస్టారు.